ఎండుమిర్చి 0904, ఎక్సెల్‌లో 904: ముందు సున్నా పోకుండా డేటా పంపడం ఎలా

ఎండుమిర్చి హెచ్.ఎస్.ఎన్. కోడ్, అంటే జి.ఎస్.టి. బిల్లులో సరుకును గుర్తించే అంకెల గుర్తు, 0904. పసుపుది 0910. కందులు, పెసలు, మినుములు 0713. పాలు 0401, గుడ్లు 0407, రొయ్యలు 0306, మామిడి 0804, కాఫీ 0901. గుంటూరు మిర్చి యార్డు నుంచి భీమవరం రొయ్యల చెరువుల దాకా, అరకు కాఫీ నుంచి నిజామాబాద్ పసుపు దాకా మన దగ్గర పండేవీ పెరిగేవీ ఎన్నో సున్నాతో మొదలయ్యే కోడ్‌ల కిందే వస్తాయి. బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ నుంచి సరుకుల లిస్టును సి.ఎస్.వి.గా (కామాలతో విడదీసిన టెక్స్ట్ ఫైల్‌గా) దింపి డబుల్ క్లిక్ కొడితే ఎక్సెల్ తెరుచుకుంటుంది. 0904 ఉండాల్సిన చోట 904 కనిపిస్తుంది. అలాగే సేవ్ చేసి పంపితే అవతలి సాఫ్ట్‌వేర్ అలాంటి కోడే లేదంటుంది.

హెచ్.ఎస్.ఎన్. కోడ్, చెక్ నంబర్, బ్యాంకు ఖాతా నంబర్, ఎస్.టి.డి. కోడ్ ఇవేవీ సంఖ్యలు కావు. వీటిని ఎవరూ కూడరు, సగటు తీయరు. అంకెలతో రాసిన పేర్లు ఇవి. 0904లో సున్నా తీసేస్తే పేరులో ఒక అక్షరం తీసేసినట్టే. కంప్యూటర్‌కు మాత్రం ఆ సంగతి ఎవరో ఒకరు చెప్పాలి. ఎక్స్‌పోర్ట్, అంటే సాఫ్ట్‌వేర్ నుంచి డేటాను ఫైల్‌గా బయటకు తీసే ప్రోగ్రామ్, రాసేవాళ్లు చెప్పకపోతే ఫైల్ తెరిచేవాళ్లు చెప్పాల్సి వస్తుంది, వాళ్లలో చాలామందికి అలా చెప్పే వీలుందనే తెలియదు. అందుకే ఈ బాధ్యత ముందుగా డేటా పంపేవాళ్లదే అని నా అభిప్రాయం.

సి.ఎస్.వి. ఫైల్‌లో ఉండేవి ఉత్త అక్షరాలు, కామాలు, లైన్లు. ఈ కాలమ్ అంకెల పేరు, ఆ కాలమ్ లెక్కకొచ్చే సంఖ్య అని రాసుకునే చోటే అందులో లేదు. 2005లో వచ్చిన ఆర్.ఎఫ్.సి. 4180 అనే ఇంటర్నెట్ సాంకేతిక పత్రం సి.ఎస్.వి. రూపాన్ని వివరించింది గానీ టైపుల ఊసెత్తలేదు. కాబట్టి ఎక్సెల్ తనే ఊహించుకుంటుంది. అంకెలు మాత్రమే కనిపిస్తే సంఖ్య అనుకుంటుంది, సంఖ్యకు ముందు సున్నాకు విలువ లేదు కాబట్టి వదిలేస్తుంది. డబుల్ క్లిక్‌తో తెరిచినప్పుడు పాత ఎక్సెల్ అయితే ఏమీ అడగదు కూడా.

ముందు నోట్‌ప్యాడ్‌లో చూడండి

సున్నాలు పోయాయని ఫిర్యాదు రాగానే మొదట చేయాల్సిన పని, ఆ సి.ఎస్.వి.ని ఎక్సెల్‌లో కాకుండా నోట్‌ప్యాడ్‌లో తెరవడం. అక్కడ 0904 అని ఉంటే ఫైల్ బాగానే ఉంది, తెరిచే పద్ధతి మారితే చాలు. అక్కడా 904 అనే ఉంటే ఎక్సెల్‌ను తిట్టి లాభం లేదు, సున్నా అంతకు ముందే పోయింది. ఈ పరీక్షకు అర నిమిషం పట్టదు. ఇది చేయకుండానే గంటల తరబడి ఎక్సెల్ సెట్టింగులు మార్చేవాళ్లు, ఎక్స్‌పోర్ట్ కోడ్ తిరగరాసేవాళ్లు చాలామంది.

ముందే పోవడానికి మామూలు కారణం డేటాబేస్. టేబుల్ తయారు చేసేటప్పుడు కోడ్ కాలమ్‌ను ఇంటీజర్ అని పెట్టేస్తారు. ఇంటీజర్‌లో 0904, 904 ఒకటే. అలాంటి టేబుల్‌లో సున్నా ఏనాడూ లేదు. కాలమ్‌ను టెక్స్ట్ రకమైన వార్‌క్యార్‌కు మార్చి, పాత రికార్డులను ఒకసారి సరిచేయడమే అసలు మందు. అంతవరకు క్వెరీలో, చెప్పిన పొడవు వచ్చేదాకా ముందు అక్షరాలు నింపే ఎల్‌ప్యాడ్ ఫంక్షన్‌తో సున్నాలు అతికించుకోవచ్చు. ఎల్‌ప్యాడ్‌తో ఒక ప్రమాదం ఉంది. పొడవు 4 అని ఇచ్చినప్పుడు లోపల 6 అంకెల కోడ్ ఉంటే మై ఎస్‌క్యూఎల్, పోస్ట్‌గ్రెస్, ఒరాకిల్ మూడూ చివరి రెండు అంకెలను నరికేస్తాయి. 4 అంకెల కోడ్‌లు, 6 అంకెల కోడ్‌లు కలిసి ఉన్న కాలమ్ మీద గుడ్డిగా వాడితే 100630 కాస్తా 1006 అయిపోతుంది, ఎర్రర్ కూడా రాదు.

రెండో కారణం మధ్యలో ఉండే పైథాన్ స్క్రిప్ట్. పాండాస్ అనే పైథాన్ లైబ్రరీలో సి.ఎస్.వి. చదివే రీడ్_సిఎస్‌వి కూడా ఎక్సెల్ లాగే ఊహిస్తుంది. చెక్ నంబర్ 000457 అయితే 457 అవుతుంది. ఆ కాలమ్‌లో ఒక్క ఖాళీ ఉన్నా మొత్తం దశాంశ సంఖ్యలుగా మారి 457.0 అవుతుంది. ఆ తర్వాత దాన్ని స్ట్రింగ్‌గా, అంటే టెక్స్ట్‌గా, మార్చి జెడ్‌ఫిల్‌తో 6 అంకెలకు సున్నాలు నింపితే వచ్చేది 0457.0. చదివేటప్పుడే డీటైప్ దగ్గర ఎస్‌టిఆర్ అని ఇవ్వాలి, వీలైతే అన్ని కాలమ్‌లకూ. లెక్కకొచ్చే మొత్తాలను, పరిమాణాలను తర్వాత విడిగా సంఖ్యలుగా మార్చుకోవడం మేలు. ప్రోగ్రామ్‌లు ఒకదానికొకటి డేటా పంపుకునే జేసన్ రూపంలో డేటా వచ్చే చోట కోడ్‌లను కోట్స్‌లో పెట్టే పంపాలి. జేసన్ నియమాల ప్రకారం సున్నాతో మొదలయ్యే పూర్ణసంఖ్య చెల్లదు, అందుకే అవతలి ప్రోగ్రామర్ దాన్ని సంఖ్యగా పంపాలనుకుంటే సున్నా తీసేసే పంపుతాడు.

ఫైల్ బాగుంటే తెరిచే పద్ధతి

ఎక్సెల్‌లో ఖాళీ షీట్ తెరిచి, డేటా ట్యాబ్‌లో ఫ్రమ్ టెక్స్ట్/సి.ఎస్.వి. నొక్కి ఫైల్ ఎంచుకోండి. ప్రివ్యూ కిటికీ పైన డేటా టైప్ డిటెక్షన్ అనే చోట, మొదటి 200 వరసలను బట్టి అని ఉంటుంది. దాన్ని డు నాట్ డిటెక్ట్ డేటా టైప్స్‌కు మార్చితే అన్నీ టెక్స్ట్‌గా వస్తాయి. ఆ 200 వరసల లెక్క వల్ల ఇంకో చిక్కు కూడా వస్తుంది. మొదటి 200 వరసల్లో అంతా అంకెలే ఉండి, కింద ఎక్కడో ఒక కోడ్‌లో అక్షరం ఉంటే ఆ సెల్ ఎర్రర్ అవుతుంది.

డిటెక్షన్ ఆపినప్పుడు కాలమ్ పేర్లు తరచుగా మొదటి వరసలోకి డేటాలా దిగిపోతాయి. అప్పుడు ట్రాన్స్‌ఫార్మ్ డేటా నొక్కి, యూజ్ ఫస్ట్ రో యాజ్ హెడర్స్ నొక్కాలి. చాలామంది ఇక్కడే దెబ్బతింటారు. ఆ బటన్ నొక్కగానే పవర్ క్వెరీ (ఎక్సెల్‌లో డేటాను లోపలికి తెచ్చే భాగం) తనంతట తనే చేంజ్డ్ టైప్ అనే మెట్టును మళ్లీ చేరుస్తుంది, సున్నాలు మళ్లీ పోతాయి. కుడివైపు అప్లైడ్ స్టెప్స్ జాబితాలో ఆ మెట్టు పక్కనున్న గుణకారం గుర్తు నొక్కి తీసేయండి, సున్నాలు తిరిగొస్తాయి. లేదంటే ఆ మెట్టును ఉంచి, కాలమ్ పేరు పక్కన 123 అని ఉన్న బొమ్మ నొక్కి టెక్స్ట్ ఎంచుకోవచ్చు. అలా చేస్తే ఎక్సెల్ ఒక ప్రశ్న వేస్తుంది. రీప్లేస్ కరెంట్ అనాలి. యాడ్ న్యూ స్టెప్ అంటే ముందు సంఖ్యగా మార్చి, సున్నా పోగొట్టుకున్నాక దాన్ని టెక్స్ట్ చేస్తుంది, అప్పుడు చేతికొచ్చేది 904 అనే టెక్స్టే.

ఇదంతా ఎందుకు, పాత విజార్డే సులువు అనుకునేవాళ్లకు దారి ఇంకా ఉంది. ఫైల్ పేరు చివర సి.ఎస్.వి. తీసేసి టి.ఎక్స్.టి. అని పెట్టి, ఎక్సెల్‌లో ఫైల్, ఓపెన్ ద్వారా తెరిస్తే మూడు మెట్ల టెక్స్ట్ ఇంపోర్ట్ విజార్డ్ వస్తుంది. రెండో మెట్టులో కామా టిక్ పెట్టండి. మూడో మెట్టులో కోడ్ కాలమ్ మీద నొక్కి టెక్స్ట్ ఎంచుకోండి. షిఫ్ట్ పట్టుకుని నొక్కితే వరసగా అన్ని కాలమ్‌లనూ ఒకేసారి పట్టుకోవచ్చు.

మైక్రోసాఫ్ట్ 365 వాడేవాళ్లకు 2023లో మంచి సౌకర్యం వచ్చింది. ఫైల్, ఆప్షన్స్, డేటా పేజీలో ఆటోమేటిక్ డేటా కన్వర్షన్ అనే భాగం ఉంటుంది. ముందు సున్నాలు తీసేయడం, పెద్ద నంబర్లను 15 అంకెల దగ్గర ఆపేయడం, అంకెల మధ్య ఇంగ్లీషు E అక్షరం ఉన్న కోడ్‌ను ఘాత సంఖ్యగా మార్చడం, అక్షరాలు అంకెలు కలిసినవాటిని తేదీగా మార్చడం, నాలుగింటినీ అక్కడ విడివిడిగా ఆపుకోవచ్చు. కోడ్‌లతో రోజూ పనిచేసే ఆఫీసుల్లో మొదటి రెండూ ఆపేయడమే మంచిది. కాకపోతే ఆ సెట్టింగ్ మీ ఎక్సెల్ వరకే. మీరు పంపిన ఫైల్ తెరిచే ఆడిటర్ దగ్గరో, బ్యాంకు మేనేజర్ దగ్గరో అది ఉండకపోవచ్చు.

లిబ్రె ఆఫీస్ ఈ విషయంలో మొదటి నుంచీ నయం. సి.ఎస్.వి. తెరిచినప్పుడల్లా డైలాగ్ చూపించి అడుగుతుంది. కాలమ్ ఎంచుకుని కాలమ్ టైప్ దగ్గర టెక్స్ట్ అనొచ్చు, లేదా ఫార్మాట్ కోటెడ్ ఫీల్డ్ యాజ్ టెక్స్ట్‌కు టిక్ పెడితే కోట్స్‌లో ఉన్నవన్నీ టెక్స్ట్‌గానే ఉంటాయి. గూగుల్ షీట్స్‌లో ఫైల్, ఇంపోర్ట్ ద్వారా అప్‌లోడ్ చేసి, కన్వర్ట్ టెక్స్ట్ టు నంబర్స్, డేట్స్ అండ్ ఫార్ములాస్ దగ్గర టిక్ తీసేయాలి.

పంపేవాళ్లు చేయాల్సింది

ఫైల్ అందుకునేది మనిషీ, తెరిచేది ఎక్సెల్లోనూ అయితే సి.ఎస్.వి. పంపకండి, ఎక్సెల్ సొంత ఫైల్ రకమైన ఎక్స్‌ఎల్‌ఎస్‌ఎక్స్ పంపండి. ప్రతి సెల్‌కూ దాని టైప్ రాసుకునే చోటు అందులో ఉంటుంది.

నమ్మకం కుదరకపోతే లోపల చూడొచ్చు. ఎక్స్‌ఎల్‌ఎస్‌ఎక్స్ అంటే జిప్ చేసిన ఎక్స్.ఎం.ఎల్. ఫైళ్ల కట్ట. పేరు చివర జిప్ అని మార్చి విప్పితే, ఎక్స్‌ఎల్ ఫోల్డర్‌లోని వర్క్‌షీట్స్‌లో షీట్1 అనే ఫైల్ కనిపిస్తుంది. అందులో ఒక్కో సెల్‌కు సి అనే ట్యాగ్. ఆ ట్యాగ్‌లో టి గుర్తు విలువ ఎస్ అని ఉంటే అది టెక్స్ట్, అసలు అక్షరాలు షేర్డ్ స్ట్రింగ్స్ అనే మరో ఫైల్‌లో ఉంటాయి, 0904 అక్కడ పూర్తిగా కనిపిస్తుంది. టి గుర్తే లేకుండా ఉత్త 904 ఉంటే అది సంఖ్య. ఎక్స్‌పోర్ట్ సరిగ్గా రాశామా లేదా అనేది తేల్చుకోవడానికి ఇంతకంటే గట్టి సాక్ష్యం అక్కర్లేదు.

సెల్ టైప్ వేరు, సెల్ ఫార్మాట్ వేరు. ఈ రెండింటినీ కలగలిపేయడం వల్లే సగం తప్పులు జరుగుతాయి. 904 అనే సంఖ్యకు 0000 అనే కస్టమ్ ఫార్మాట్ వేస్తే తెర మీద 0904 అని కనిపిస్తుంది, లోపల 904గానే ఉంటుంది. అవతలి షీట్‌లో 0904 టెక్స్ట్‌గా ఉంటే విలువను వెతికి తెచ్చే వీలుకప్ ఫంక్షన్ దీన్ని పట్టుకోదు, ఎన్/ఏ చూపిస్తుంది. వర్డ్‌లో మెయిల్ మెర్జ్ చేసినా సున్నా రాదు, ఎందుకంటే వర్డ్ తీసుకునేది లోపలి విలువను. అలాగే 904 సంఖ్యగా పడిపోయిన సెల్‌కు ఆ తర్వాత టెక్స్ట్ ఫార్మాట్ పెట్టినా పోయిన సున్నా రాదు.

ఎక్స్‌పోర్ట్‌లో రెండూ సరిగ్గా ఉండాలి: టైప్ స్ట్రింగ్, ఫార్మాట్ @ గుర్తు (ఎక్సెల్‌లో టెక్స్ట్ ఫార్మాట్‌కు గుర్తు). టైప్ ఒక్కటి సరిగ్గా ఉండి ఫార్మాట్ జనరల్‌గా వదిలేస్తే ఫైల్ తెరవగానే 0904 అనే కనిపిస్తుంది, అంతా బాగుందనిపిస్తుంది. ఎవరో ఆ సెల్‌లోకి వెళ్లి ఎఫ్2 నొక్కి ఎంటర్ కొడతారు. ఎక్సెల్ దాన్ని కొత్తగా టైప్ చేసినట్టే భావించి మళ్లీ ఊహిస్తుంది, 904 అవుతుంది. @ ఫార్మాట్ ఉంటే ఎన్నిసార్లు ఎంటర్ కొట్టినా మారదు. డేటా ఉన్న వరసలకే కాకుండా కాలమ్ మొత్తానికీ @ పెడితే, కింద కొత్త వరసలు చేర్చేవాళ్లకూ అదే రక్షణ.

పైథాన్‌లో ఓపెన్‌పైఎక్స్‌ఎల్‌కు స్ట్రింగ్ ఇస్తే స్ట్రింగ్‌గానే రాస్తుంది, నంబర్_ఫార్మాట్ దగ్గర @ పెట్టడం మాత్రం మన పని. ఎక్స్‌ఎల్‌ఎస్‌ఎక్స్‌రైటర్‌లో రైట్_స్ట్రింగ్ వాడి, @ ఉన్న ఫార్మాట్‌ను దానికే జతచేయండి. జావాలో అపాచీ పి.ఓ.ఐ. వాడేవాళ్లు సెల్‌కు స్ట్రింగ్ విలువే ఇవ్వాలి. పి.హెచ్.పి.లో పి.హెచ్.పి.స్ప్రెడ్‌షీట్ వాడితే సెట్‌సెల్‌వాల్యూఎక్స్‌ప్లిసిట్ అనే ఫంక్షన్‌తో టైప్‌ను మనమే చెప్పడం క్షేమం. గూగుల్ షీట్స్‌కు ఏ.పి.ఐ. ద్వారా రాసేటప్పుడు వాల్యూ ఇన్‌పుట్ ఆప్షన్ దగ్గర రా (RAW) అని ఇవ్వాలి. యూజర్ ఎంటర్డ్ అని ఇస్తే మనిషి కీబోర్డు మీద కొట్టినట్టే తీసుకుని సున్నా తీసేస్తుంది.

ఇలా పంపిన ఫైల్‌లో ప్రతి కోడ్ సెల్ మూలన చిన్న ఆకుపచ్చ త్రికోణం కనిపిస్తుంది. సంఖ్య టెక్స్ట్‌గా ఉందని ఎక్సెల్ హెచ్చరిక అది. చూసినవాళ్లు తప్పేదో జరిగిందని భయపడి, కన్వర్ట్ టు నంబర్ నొక్కి చేజేతులా సున్నాలు పోగొట్టుకుంటారు. ఫైల్‌తో పాటు ఒక్క మాట రాయండి: త్రికోణాలు పట్టించుకోవద్దు, కావాలంటే ఇగ్నోర్ ఎర్రర్ నొక్కండి. ఎక్స్‌ఎల్‌ఎస్‌ఎక్స్‌రైటర్‌లో ఇగ్నోర్_ఎర్రర్స్ అనే ఫంక్షన్‌తో ఆ త్రికోణాలు రాకుండా ఫైల్‌లోనే చెప్పేయొచ్చు కూడా.

ఇక చిట్కాల సంగతి. సి.ఎస్.వి.లో కోడ్ చుట్టూ కోట్స్ పెడితే చాలని చాలామంది చెబుతారు. ఎక్సెల్‌కు ఆ కోట్స్ కామాలను కాపాడుకోవడానికి మాత్రమే, "0904" అని ఉన్నా 904గానే తెరుస్తుంది. ముందు ఒంటి కోట్ పెట్టడం సెల్‌లో చేత్తో టైప్ చేసేటప్పుడు పనిచేస్తుంది గానీ, సి.ఎస్.వి.లో పెడితే ఆ కోట్ కూడా డేటాలో భాగమై '0904 అని కనిపిస్తుంది. ="0904" అని రాస్తే ఎక్సెల్‌లో సున్నా నిలుస్తుంది, నిజమే. కానీ అదే ఫైల్‌ను బ్యాంకు పోర్టలో, ఇంకో సాఫ్ట్‌వేరో చదివితే సమానం గుర్తు, కోట్స్‌తో సహా కోడ్ అనుకుంటుంది. కోడ్ ముందు ట్యాబ్ అక్షరం పెట్టే పద్ధతి అన్నిటికంటే చెడ్డది. కంటికి కనబడదు, వీలుకప్ ఎందుకు కలవడం లేదో ఎవరికీ అంతుచిక్కదు. ఒక ప్రోగ్రామ్‌ను ఒప్పించడానికి డేటాను పాడుచేయడం నాకు ఎప్పుడూ సమ్మతం కాదు.

సి.ఎస్.వి. తప్పనిసరి అయిన చోట్లు ఉంటాయి, బ్యాంకులో ఒకేసారి పదుల చెల్లింపులకు అప్‌లోడ్ చేసే ఫైల్ లాంటివి. అప్పుడు అసలు కాపీని ఎక్స్‌ఎల్‌ఎస్‌ఎక్స్‌లో టెక్స్ట్ కాలమ్‌లతో ఉంచుకుని, చివర్లో మాత్రమే సేవ్ యాజ్ ద్వారా సి.ఎస్.వి. తీయండి. ఎక్సెల్ సి.ఎస్.వి.లోకి రాసేది తెర మీద కనిపించేదాన్ని, కాబట్టి 0904 కనిపిస్తుంటే 0904 అనే వెళ్తుంది. పేర్లు తెలుగులో ఉంటే సి.ఎస్.వి. యు.టి.ఎఫ్-8 ఎంచుకోవాలి, మామూలు సి.ఎస్.వి. ఎంచుకుంటే తెలుగు అక్షరాలన్నీ ప్రశ్నార్థకాలవుతాయి. తీసిన సి.ఎస్.వి. సరిగ్గా ఉందో లేదో చూడటానికి దాన్ని ఎక్సెల్‌లో తెరవకండి. తెరిచి, అలవాటుగా కంట్రోల్ ఎస్ కొడితే చేసిన శ్రమంతా పోయినట్టే. నోట్‌ప్యాడ్‌లోనే చూడండి.

సున్నా ఒక్కటే కాదు

కనిపించేదే సి.ఎస్.వి.లోకి వెళ్తుందన్న నియమం ఇంకో చోట ప్రాణం తీస్తుంది. ఆధార్ నంబర్ సున్నాతో మొదలవదు, కాబట్టి ఈ గొడవ దానికి లేదనుకుంటాం. కానీ జనరల్ ఫార్మాట్‌లో 12 అంకెలు దాటినా, సరిగ్గా 12 ఉన్నా ఎక్సెల్ 2.34568E+11 అని చూపిస్తుంది. ఆ స్థితిలో సి.ఎస్.వి.గా సేవ్ చేస్తే ఫైల్‌లోకి వెళ్లేది అదే రాత. 12 అంకెల్లో మిగిలేవి మొదటి ఆరు, ఆరోది కూడా సవరించినది.

ఖాతా నంబర్లది మరీ ప్రమాదం. ఎక్సెల్ సంఖ్యలో 15 అంకెల వరకే నిలుపుతుంది, ఆపైన ఉన్నవాటిని సున్నాలు చేస్తుంది. పంజాబ్ నేషనల్ బ్యాంకు ఖాతా నంబర్ 16 అంకెలు. సంఖ్యగా పడితే చివరి అంకె సున్నా అవుతుంది, చూడటానికి అంకెల లెక్క సరిపోతుంది కాబట్టి కంటికి దొరకదు. ఎన్.ఇ.ఎఫ్.టి.లో డబ్బు జమయ్యేది ఖాతా నంబర్ ఆధారంగానే. ఇటు ఐ.సి.ఐ.సి.ఐ. 12 అంకెల ఖాతాల్లో చాలావాటికి ముందు సున్నాలుంటాయి. స్టేట్ బ్యాంకు ఖాతాకు 11 అంకెలే అయినా, స్టేట్‌మెంట్లలో ముందు ఆరు సున్నాలు చేర్చి 17 అంకెలుగా వేస్తారు. ఇన్ని రకాలు ఒకే కాలమ్‌లో కలిసి ఉంటాయి. ఐ.ఎఫ్.ఎస్.సి. కోడ్‌లో నాలుగు అక్షరాలుండటం వల్ల అది మాత్రం ఎప్పుడూ క్షేమంగా ఉంటుంది.

తెలుగు రాష్ట్రాల వాళ్లకు ప్రత్యేకంగా తగిలేది ఇంటి నంబరు. 3-5-12 అనే డోర్ నంబర్ సి.ఎస్.వి.లో వస్తే, విండోస్‌లో ఇండియా ప్రాంతం ఎంచుకుని ఉంటే, ఎక్సెల్ దాన్ని 2012 మే 3 చేస్తుంది. 1-8-75 అయితే 1975 ఆగస్టు 1. రెండంకెల సంవత్సరాల్లో చిన్నవాటిని 2000ల్లోకి, పెద్దవాటిని 1900ల్లోకి తోసేస్తుంది మరి. 3-4-512 లాంటిది తేదీ కాలేదు కాబట్టి బతికిపోతుంది. అంటే ఒకే వీధి లిస్టులో కొన్ని ఇళ్లు సరిగ్గా ఉండి కొన్ని తేదీలవుతాయి, పైపైన చూసేవాళ్లకు దొరకవు. పొలాల సర్వే నంబర్లదీ అంతే. 123/2 నిలుస్తుంది, 12/3 మాత్రం మార్చి 12 అవుతుంది. కంగారుపడి టెక్స్ట్ ఫార్మాట్‌కు మారిస్తే 45728 లాంటి ఐదంకెల సంఖ్య తేలుతుంది, 2025 మార్చి 12కు ఎక్సెల్ లోపలి లెక్క అది. ఓటరు జాబితాలు, ఆస్తి పన్ను, రెవెన్యూ రికార్డులు ఎక్స్‌పోర్ట్ చేసే ఎవరైనా డోర్ నంబర్, సర్వే నంబర్ కాలమ్‌లను తప్పకుండా @ కిందే పెట్టాలి.

పోయిన సున్నాలు తిరిగి తేవడం

ఫార్ములాల పేర్లు ఇక్కడ తెలుగులో రాస్తున్నాను, ఎక్సెల్‌లో ఇంగ్లీషు అక్షరాలతోనే కొట్టాలి.

పొడవు ఖాయంగా తెలిసిన కోడ్ అయితే సులువు. చెక్ నంబర్ 6 అంకెలు, కాబట్టి పక్క కాలమ్‌లో =టెక్స్ట్(ఏ2,"000000") అని రాసి కిందకు లాగండి. తర్వాత ఆ కాలమ్‌ను కాపీ చేసి పేస్ట్ స్పెషల్‌లో వాల్యూస్‌గా అతికించి, పాత కాలమ్ తీసేయండి. బ్యాంకు స్టేట్‌మెంట్‌లో 000457, మన పుస్తకాల్లో 457 ఉండి రీకన్సిలియేషన్ కలవని చోట ఇదే పని.

హెచ్.ఎస్.ఎన్. కోడ్‌ల పొడవు ఒకేలా ఉండదు. 2021 ఏప్రిల్ 1 నుంచి 5 కోట్ల టర్నోవర్ దాటినవాళ్లు 6 అంకెలు, ఆలోపు వాళ్లు 4 అంకెలు ఇవ్వాలి, ఎగుమతులకు 8 అంకెలు వాడతారు. అన్నీ కలిసిన కాలమ్‌కు 0000 ఫార్మాట్ వేస్తే 90421 అలాగే ఉండిపోతుంది, సున్నా చేరదు. ఇక్కడ మనకు కలిసొచ్చే సంగతి ఒకటుంది. హెచ్.ఎస్.ఎన్. కోడ్ పొడవు ఎప్పుడూ సరి సంఖ్యే: 2, 4, 6, 8. 00 అనే చాప్టర్ లేదు, కాబట్టి పోతే పోయేది ఒక్క సున్నానే. అంటే బేసి పొడవున్న ప్రతి కోడ్‌కూ ముందు ఒక సున్నా చేరిస్తే చాలు. =ఇఫ్(ఈజ్‌ఆడ్(లెన్(ఏ2)),"0"&ఏ2,ఏ2&"") అనే ఫార్ములా 904ను 0904 చేస్తుంది, 90421ను 090421 చేస్తుంది, 1006ను ముట్టుకోదు. 99తో మొదలయ్యే సర్వీసు కోడ్‌లనూ ముట్టుకోదు.

కోడ్ మధ్యలో చుక్క పెట్టే అలవాటుంటే మాత్రం ఈ ఉపాయం పారదు. పసుపు కోడ్ 0910.30 అని రాసి ఉంటే ఎక్సెల్ దాన్ని దశాంశ సంఖ్య అనుకుని ముందు సున్నా, చివరి సున్నా రెండూ తీసేసి 910.3 చేస్తుంది. అలాంటి లిస్టుకు =టెక్స్ట్(ఏ2,"0000.00") వేసి, తర్వాత ఫైండ్ అండ్ రీప్లేస్‌తో చుక్క తీసేయాలి. ఇది అన్నీ ఆరంకెల కోడ్‌లే అయినప్పుడు మాత్రమే.

ఖాతా నంబర్లను ఫార్ములాతో బాగుచేయాలని చూడకండి. బ్యాంకును బట్టి పొడవు మారుతుంది, ఒకే బ్యాంకులో పాత ఖాతాలకూ కొత్తవాటికీ తేడా ఉండొచ్చు, 15 దాటిన అంకెలైతే అసలే తిరిగిరావు. మూలం నుంచి మళ్లీ దింపుకోవడమొక్కటే దారి.

సరిచేశాక డూప్లికేట్లు వెతికేటప్పుడు కౌంట్‌ఇఫ్‌ను నమ్మొద్దు. సెల్‌లు టెక్స్ట్ అయినా కౌంట్‌ఇఫ్ వాటిని సంఖ్యల్లా పోల్చుతుంది. 00457, 457 దానికి ఒకటే. 16 అంకెల ఖాతాలు రెండింటిలో చివరి అంకె ఒక్కటే వేరైనా రెండూ ఒకటే అంటుంది. దాని బదులు =సమ్‌ప్రొడక్ట్(--(ఏ$2:ఏ$500=ఏ2)) వాడితే అక్షరం అక్షరం పోల్చుతుంది.

అమెరికాలో ఉండే మనవాళ్లు సంఘాల చిరునామా లిస్టులు నడుపుతుంటే జిప్ కోడ్ విషయంలో ఇదే గొడవ ఎదురవుతుంది. న్యూజెర్సీ జిప్ కోడ్‌లు 07, 08తో, మసాచుసెట్స్‌వి 01, 02తో, కనెక్టికట్‌వి 06తో మొదలవుతాయి. తెలుగువాళ్లు ఎక్కువగా ఉండే ఎడిసన్‌వి 08817, 08820. డాలస్‌లో కూర్చుని లిస్టు తయారుచేసేవాళ్లకు ఇది కనిపించదు, అక్కడి కోడ్‌లు 7తో మొదలవుతాయి కాబట్టి. సరిచేయడానికి =టెక్స్ట్(ఏ2,"00000") చాలు. ఆరంకెల మన పిన్ కోడ్‌లు అదే కాలమ్‌లో ఉన్నా వాటికేమీ కాదు, మన పిన్ కోడ్ ఏదీ సున్నాతో మొదలవదు.

ఎక్స్‌పోర్ట్ రాసేవాళ్లు పరీక్షకు ఒక చిన్న ఫైల్ శాశ్వతంగా దాచుకోండి. అందులో 0904, 090421, 000457, 040, సున్నాతో మొదలయ్యే 12 అంకెల నంబర్, సున్నాతో ముగియని 16 అంకెల నంబర్, 3-5-12, 12/3, 12ఈ5 అనే ఐటెమ్ కోడ్ ఇంగ్లీషు ఈతో, ఒక ఖాళీ సెల్, ఒక తెలుగు పేరు ఉండాలి. ప్రోగ్రామ్ మార్చిన ప్రతిసారీ దీన్ని ఎక్స్‌పోర్ట్ చేసి, ఎక్సెల్‌లో తెరిచి, ప్రతి సెల్‌లోనూ ఎఫ్2, ఎంటర్ కొట్టి, సేవ్ చేసి, మళ్లీ మీ ప్రోగ్రామ్‌లోకి చదివించి మొదటి ఫైల్‌తో పోల్చండి. ఒక్క అక్షరం తేడా వచ్చినా ఆ ఎక్స్‌పోర్ట్‌ను బయటకు వదలకండి.